ముసురు రోజుల్లో మోడల్‌కి రంగు కొట్టే ముందు

వానలు మొదలయ్యాయంటే స్కేల్ మోడల్ (అసలు విమానం, కారుకి చిన్న నమూనా) ముందు కూర్చోవడానికి బోలెడు టైమ్ దొరుకుతుంది. నెలల తరబడి పెట్టెలోనే ఉండిపోయిన విమానాన్నో, సగంలో ఆగిన కారునో ఈసారి పూర్తి చేసేద్దాం అనిపిస్తుంది. కానీ ఈ పనికి ఏడాది మొత్తంలో గడ్డు కాలం ఇదే. జల్లు లోపలికి కొడుతోందని కిటికీలు మూసేస్తాం. మూసిన గదిలో థిన్నర్ ఆవిరి, రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొడి ఎటూ పోవు. పైగా గాలిలోని తేమ రంగును పాడు చేస్తుంది.

ముందు రంగు సంగతి. పోయిన వానాకాలంలో 1/24 స్కేల్ కారు ఒకటి చేశాను. బాడీకి ఎర్ర లాకర్ (థిన్నర్‌తో కలిపి కొట్టే, త్వరగా ఆరే రంగు) పల్చగా నాలుగు పూతలు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, ఒక సాయంత్రం ముసురులోనే క్లియర్ కోట్ (రంగు లేని పై పూత) కొట్టాను. కొట్టినప్పుడు అద్దంలా ఉంది. పది నిమిషాలు తిరిగేసరికి బానెట్ మీద, పైకప్పు అంచుల వెంట పాలపొర లాంటి తెల్లటి మసక కమ్మేసింది. దీన్ని బ్లషింగ్ అంటారు. థిన్నర్ గబగబా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ తడి రంగు మీదే నీరై అందులో చిక్కుకుపోతుంది. త్వరగా ఆరే లాకర్లకు, స్ప్రే డబ్బాలకు ఈ బెడద ఎక్కువ.

అందుకే గదిలో తేమను కొలిచే చిన్న మీటర్ ఒకటి పెట్టుకోండి. 70 శాతం దాటితే నేను లాకర్ జోలికి వెళ్లను. తప్పదనుకుంటే రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిసిన లెవలింగ్ థిన్నర్ వాడండి, అది నెమ్మదిగా ఆరుతుంది. మసక వచ్చేసినా కంగారుపడి వెంటనే తుడవకండి. పొడిగా ఉన్న రోజు చూసి అదే థిన్నర్‌ను పల్చటి మంచులా కొడితే చాలావరకు పోతుంది. నా కారు బానెట్ అలాగే బాగుపడింది. పైకప్పు అంచుల్లో మాత్రం పోలేదు, నీళ్లతో సన్నగా రుద్ది మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

ఎయిర్‌బ్రష్‌కి (రంగు చిమ్మే చిన్న గన్) గాలినిచ్చే కంప్రెసర్ ట్యాంకులో కూడా ఈ రోజుల్లో నీరు ఎక్కువగా చేరుతుంది. పని అయిపోగానే కింది వాల్వ్ తిప్పి దించేయండి, గొట్టానికి నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ తప్పకుండా ఉండాలి. లేకపోతే రెక్క మీద నున్నగా పడుతున్న రంగు మధ్యలో ఒక్క నీటి చుక్క చిమ్మి అంతా పాడవుతుంది. చల్లబడిన స్ప్రే డబ్బాను వెచ్చబరచడానికి గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే చాలు. స్టవ్ మీద, మరిగే నీళ్లలో ఎప్పుడూ పెట్టకండి, డబ్బా పేలిపోతుంది.

ఇక మన ఊపిరి. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది దీని గురించే. బ్లేడ్‌తో వేలు తెగితే రక్తం కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. ఆవిరి కనిపించదు, వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. ఎన్95 మాస్క్ రంగు తుంపరలనీ పొడినీ ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. ఆవిరికి దాన్ని పీల్చుకునే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు ఉన్న రెస్పిరేటర్ మాస్క్ కావాలి, తుంపరల కోసం దాని మీద పొడిని ఆపే ఫిల్టర్ కూడా ఉండాలి. గడ్డం ఉంటే రెస్పిరేటర్ ముఖానికి సరిగ్గా అంటదు. పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే అది సరిగ్గా బిగియలేదనో, కార్ట్రిడ్జ్ అయిపోయిందనో అర్థం. వాడనప్పుడు కార్ట్రిడ్జ్‌లను గాలి చొరని సంచిలో దాచండి, బయట వదిలేస్తే ఊరికే అయిపోతాయి.

స్ప్రే బూత్ (తుంపరలను లాగే ఫ్యాన్ ఉన్న పెట్టె) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. దాని గొట్టం కిటికీ బయటికి వెళ్లాలి. లేకపోతే ఫిల్టర్ తుంపరలను పట్టుకున్నా ఆవిరి మళ్లీ గదిలోకే వస్తుంది. వాన వల్ల కిటికీ తెరవలేని రోజున లాకర్ కొట్టడం మానేసి చక్రాలకో, సీట్లకో బ్రష్‌తో రంగు వేసుకోండి. ‘అక్రిలిక్కే కదా, ఏం కాదు’ అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. టామియా అనే జపాన్ కంపెనీ అక్రిలిక్స్‌లో ఆల్కహాల్ ఉంటుంది, పైగా ఏ రంగు తుంపరైనా ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కరెంటు పోయిందని కొవ్వొత్తి వెలిగించి థిన్నర్ సీసా మూత తీయడం మాత్రం అసలు వద్దు.

రెసిన్ భాగాలను సాండ్‌పేపర్‌తో పొడిగా రుద్దకండి. గిన్నెలో నీళ్లు పెట్టుకుని ముంచుతూ రుద్దితే పొడి లేవదు. త్రీడీ ప్రింటర్ రెసిన్ పూర్తిగా గట్టిపడకముందు చర్మానికి తగిలితే అలర్జీ మొదలవొచ్చు, ఒకసారి మొదలైతే మళ్లీ తగిలినప్పుడల్లా వస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

సూపర్ గ్లూ గట్టిపడేదే తేమతో. తేమ రోజుల్లో ఇంకా త్వరగా అంటుకుంటుంది, కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి మసక వదులుతుంది. అద్దాలకు తెల్ల జిగురు వాడండి. ఒలికిన సూపర్ గ్లూను దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. ఒకసారి నా నూలు చొక్కా చేతి మీద సూపర్ గ్లూ చుక్కలు కొన్ని పడ్డాయి. చూస్తుండగానే పొగ లేచింది, కింద చర్మం చురుక్కుమని కాలింది. నూలుతో కలిస్తే దానికి అంత వేడి పుడుతుంది. వేళ్లు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చటి సబ్బునీళ్లలో నాననివ్వండి.

పీ-38 లాంటి విమానం తోక మీద కూలబడకుండా ముక్కులో సీసం పెడతాం. దాన్ని తెల్ల జిగురుతో అంటించొద్దు. సీసం మెల్లగా తెల్లబారి ఉబ్బి, కొన్నేళ్లకు ముక్కు అతుకును చీల్చేస్తుంది. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వాడండి, సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కారు బంపర్ల క్రోమ్ తీయడానికి బ్లీచ్ వాడేవాళ్లు, ఎయిర్‌బ్రష్ కడగడానికి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడేవాళ్లు ఆ రెండు సీసాలను ఒకే బల్ల మీద ఉంచొద్దు. కలిస్తే విషవాయువు పుడుతుంది. ఒకే గిన్నెను రెండింటికీ వాడొద్దు.

భాగాలు కోసే హాబీ నైఫ్ పిడి గుండ్రంగా ఉండి దొర్లిపోతుంది. కింద పడుతుంటే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసుకోండి.

చివరిగా డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే గుర్తులు. తేమ తగిలితే జిగురు పాడవుతుంది, కాబట్టి సిలికా జెల్ పొట్లంతో జిప్ సంచిలో దాచండి. పాత షీటైతే ముందు అక్కర్లేని మార్కింగ్ ఒకటి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైపోతే షీటు మొత్తానికి పల్చగా క్లియర్ కొట్టి, బాగా ఆరాక ఒక్కోదాన్నీ అంచు దగ్గరగా కత్తిరించుకుని అప్పుడు వాడండి.