రీఫ్ ట్యాంక్‌కి ట్రిగ్గర్ చేపను ఎలా ఎంచుకోవాలి?

రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్‌లో, ట్రిగ్గర్ పెడతానంటే ఒకరు "ఇక నీ ట్యాంక్ అయిపోయినట్టే" అంటారు. ఇంకొకరు "ఏం కాదు, మా దగ్గర మూడేళ్లుగా ఉంది" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ ఇద్దరూ వేర్వేరు చేపల గురించి మాట్లాడుతున్నారు. ట్రిగ్గర్ల కుటుంబంలో 40 దాకా జాతులున్నాయి. మధ్యరకం రీఫ్ ట్యాంక్‌లో పెట్టదగ్గవి వాటిలో రెండో మూడో. రంగు చూసి ముచ్చటపడి తప్పు జాతిని తెచ్చుకోవడం, ఏడాది తిరక్కుండానే దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక తల పట్టుకోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ట్యాంక్

కనీసం 400 లీటర్ల నీళ్లు, నాలుగడుగుల పొడవు ఉండాలి. అంతకంటే చిన్నదైతే ట్రిగ్గర్ ఆలోచన మానుకోండి. ఐదడుగులుంటే మరీ మంచిది. ట్రిగ్గర్లు బాగా తింటాయి, అంతే బాగా నీళ్లు పాడుచేస్తాయి, కాబట్టి నీళ్లలోని మలినాన్ని నురుగుగా తీసేసే స్కిమ్మర్ గట్టిది కావాలి. సందు లేకుండా మూసే జాలీ మూత, చేప దూరి పడుకోవడానికి రాళ్ల మధ్య గూళ్లు, కొత్త చేపను కొన్నాళ్లు వేరుగా ఉంచడానికి విడిగా ఒక క్వారంటైన్ ట్యాంక్ కావాలి. హీటర్‌ని సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే రెండో నీళ్ల తొట్టిలో) పెట్టేయండి, వైర్లు కొరికే అలవాటు వీటికి ఉంది. ట్యాంక్ విషయంలో ఇంతకు మించి చెప్పేదేమీ లేదు.

తర్వాత జాతి: రంగు కాదు, నోరు చూడండి

ఏ చేప రీఫ్ ట్యాంక్‌కి సరిపోతుందో చెబుతూ చేపల షాపుల్లో, ఇంటర్నెట్‌లో కనిపించే పట్టికల్లో ట్రిగ్గర్లన్నిటి ఎదురుగా "జాగ్రత్త" అన్న ఒక్క మాటే ఉంటుంది. అది ఎవరికీ పనికిరాదు. నేను పట్టికలు చూడటం ఎప్పుడో మానేశాను. చేప నోరు ఎటు తిరిగి ఉందో చూస్తే అది ఏం తిని బతికే చేపో తెలిసిపోతుంది.

మూతి పొడుగ్గా కిందికి సాగి, దాని చివర చిన్న నోరు ఉంటే అది నేల మీద వెతుక్కుని తినే చేప. సముద్రంలో అది ఇసుక మీద నీళ్లు చిమ్మి, కింద దాక్కున్న పీతల్ని, సీ అర్చిన్లను (ముళ్ల బంతుల్లాంటి జీవులను) బయటికి తీసి, ఉలి లాంటి పళ్లతో పగలగొట్టి తింటుంది. మీ ట్యాంక్‌లోని నత్తలు, హెర్మిట్ పీతలు, క్లీనర్ రొయ్యలు దాని దృష్టిలో తిండే. పగడాలను అది తినకపోవచ్చు గానీ, వాటి కింద ఏముందో చూడటానికి తిరగేసి పడేస్తుంది. క్లౌన్, పికాసో, క్వీన్, అన్‌డ్యులేటెడ్ ట్రిగ్గర్లు ఈ కోవలోవే. బొటనవేలంత క్లౌన్ ట్రిగ్గర్ పిల్లను, దాని తెల్ల చుక్కలను చూస్తే వదలబుద్ధి కాదు. అదే చేప సముద్రంలో 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రీఫ్ ట్యాంక్‌కి దాన్ని కొనొద్దు.

కింది దవడ కాస్త ముందుకు పొడుచుకొచ్చి నోరు పైకి తిరిగి ఉంటే, అది నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న చిన్న జీవుల్ని (ప్లాంక్టన్‌ని) అందుకుని తినే చేప. మీకు కావలసింది ఇదే. ఈ రకంలో బ్లూ త్రోట్ ట్రిగ్గర్ అన్నిటికన్నా మేలు. ట్యాంకుల్లో సాధారణంగా 20 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. క్రాస్‌హాచ్ అందమైనదే గానీ 30 దాకా పెరుగుతుంది, ధర కూడా బాగా ఎక్కువ. నైజర్ నోరూ పైకే ఉంటుంది, స్వభావమూ కొంత నయం. కానీ బాగా పెద్దదవుతుంది, మధ్యరకం ట్యాంక్‌లో పట్టదు.

బ్లూ త్రోట్‌లో మగదానికి గొంతు కింద నీలం మచ్చ, రెక్కల అంచున పసుపు ఉంటాయి. ఆడదానికి ఆ నీలం ఉండదు. అందరూ మగదాని కోసమే ఎగబడతారు. ఒక్కటే పెట్టేటట్టయితే ఆడదాన్నే తీసుకోండి, నెమ్మదిగా ఉంటుంది. జంట కావాలంటే ముందు ఆడదాన్ని వదిలి, అది కుదురుకున్నాక మగదాన్ని తేవాలి.

అసలు కష్టం: ఏ చేపను తీసుకోవాలి

జాతి సరిగ్గా ఎంచుకున్నవాళ్లు కూడా బోల్తా పడేది ఇక్కడే. ట్రిగ్గర్లలో ఏ చేప గుణం దానిదే. ఒకే ట్యాంక్‌లో పక్కపక్కనే ఉన్న రెండు బ్లూ త్రోట్‌లలో ఒకటి సాధువులా ఉంటుంది, రెండోది దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. అందుకని ఐదు నిమిషాల్లో చూసి కొనేయకండి. షాపుకి రెండుసార్లు వెళ్లండి, వెళ్లినప్పుడల్లా అరగంట నిలబడి చూడండి.

మొదట చేప ఎప్పుడు వచ్చిందో అడగండి. వచ్చి వారం కాకపోతే కొనకండి, అది ఇంకా బెదురులోనే ఉంటుంది. తర్వాత అద్దానికి కాస్త దూరంగా నిలబడండి. ట్రిగ్గర్ రెండు కళ్లనూ విడివిడిగా తిప్పగలదు. ఆరోగ్యంగా ఉన్నది ఒక కంటితో మిమ్మల్ని గమనిస్తూ, రెండో కంటితో పక్క చేపను చూస్తూ ఉంటుంది. కళ్లు మసకగా, కదలకుండా ఉంటే వదిలేయండి.

ఒళ్లు చూడటంలో చాలామంది మోసపోతారు. పక్క నుంచి చూస్తే ట్రిగ్గర్ పొట్ట ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, ఎందుకంటే పొట్ట కింద చర్మాన్ని అది విసనకర్రలా చాచుకోగలదు. కాబట్టి చేప మీవైపు తిరిగి ఎదురుగా వచ్చేదాకా ఆగండి. ఎదురు నుంచి చూసినప్పుడు రెండు పక్కలూ కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. కత్తి అంచులా ఉన్నా, కళ్ల వెనక గుంట పడినా అది చాలా రోజులుగా తిండి లేని చేప. నేను ఒకసారి పక్క నుంచి మాత్రమే చూసి తెచ్చుకున్నది పది రోజులు కూడా బతకలేదు.

బ్లూ త్రోట్‌లను ఒక్కోసారి లోతు నుంచి పడతారు. తొందరపడి పైకి లాగితే, నీళ్లలో తేలుతూ నిలవడానికి చేప లోపల ఉండే గాలితిత్తి దెబ్బతింటుంది. తోక పైకి లేచిపోతూ, ఒకచోట నిలవడానికి నానా అవస్థ పడుతున్న చేపను చూసి జాలిపడి తెచ్చుకోకండి. మామూలు ట్రిగ్గర్ వీపు రెక్క, కింది రెక్క మాత్రమే అలలా ఆడిస్తూ హాయిగా నిలబడుతుంది.

చివరగా, మీ ఎదుటే మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) వేయమనండి. పరుగున వచ్చి నీళ్లలోనే అందుకోవాలి. ఆ తర్వాతే అసలు పరీక్ష: తిండి అయిపోయాక అది ఏం చేస్తోంది? మధ్య నీళ్లలో తిరుగుతుంటే సరే. వెంటనే కిందికి దిగి రాళ్లు పొడుస్తున్నా, పక్క చేపల రెక్కలు కొరుకుతున్నా డబ్బులు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి. తిననిదాన్ని "ఇంటికెళ్తే తింటుందిలే" అన్న మాట విని ఎప్పుడూ తేవద్దు.

ఏడు నుంచి పది సెంటీమీటర్ల చేప అయితే సరిపోతుంది. పట్టేటప్పుడు వల వాడనివ్వకండి. భయపడగానే అది వీపు మీది ముల్లు నిలబెడుతుంది, రెండో ముల్లు దానికి గొళ్లెంలా పడుతుంది, వలలో చిక్కుకుంటే ఒళ్లంతా చీరుకుపోతుంది. డబ్బాతో పట్టమని గట్టిగా చెప్పండి.

ఇంటికి తెచ్చాక

నెల రోజులు క్వారంటైన్. దీనిలో రాజీ లేదు, తెల్లమచ్చ రోగం ఒకసారి రీఫ్ ట్యాంక్‌లోకి వచ్చిందంటే రాగి మందు కూడా వేయలేరు, అది పగడాలు, రొయ్యల లాంటి మిగతా జీవుల్ని చంపేస్తుంది. రొయ్యలు పెంచాలనుకుంటే ట్రిగ్గర్ కంటే ముందే పెట్టి పెద్దవి కానివ్వండి. తర్వాత తెచ్చి వేసిన రొయ్యను బ్లూ త్రోట్ కూడా మేతే అనుకుంటుంది. మిగతా చేపలన్నీ కుదురుకున్నాక అన్నిటికంటే చివర ట్రిగ్గర్‌ని వదలండి. రోజుకు రెండు మూడుసార్లు కొంచెం కొంచెం మేత వేయండి.

వదిలిన మొదటి రాత్రి అది ఏదో ఒక సందులో దూరి, ముల్లు నిలబెట్టుకుని ఇరుక్కుపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి బయటికి లాగకండి, అది నిద్రపోయేదే అలా. లైట్లు ఆర్పి, మూత మరోసారి సరిచూసి వదిలేయండి.