ఈ సెట్టు ఎస్‌డీఆరేనా? కొనేముందు చూసుకోండి

ఎస్‌డీఆర్ అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో: విడిభాగాలు చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేసే రేడియో సెట్టు. తెర మీద రంగుల వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను చూపుతూ జారే పటం) కదులుతోందని మురిసిపోకండి. అది పాత పద్ధతి సెట్టుకూ తగిలించవచ్చు. మాన్యువల్‌లో బ్లాక్ డయాగ్రమ్ తీసి, యాంటెన్నా గుర్తు మీద వేలు పెట్టి, ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) అని రాసిన గడి వచ్చేదాకా జరపండి. ఐకామ్ ఐసీ-7300 అనే హ్యామ్ రేడియో సెట్టులో ఫిల్టర్లు, ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచే భాగం) దాటగానే అది తగులుతుంది. హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సిగ్నల్ నేరుగా అంకెలైపోతుంది. మిక్సర్లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీని మార్చే భాగాలు), క్రిస్టల్ ఫిల్టర్లు దాటాక చిట్టచివర ఏడీసీ కనిపిస్తే అది డీఎస్పీ (అంకెలైన సిగ్నల్‌ను సవరించే చిప్పు) తోడున్న సూపర్‌హెట్, అంటే పాత పద్ధతి సెట్టే. నా లెక్కలో అదేమీ తక్కువ జాతి కాదు.

అయితే మిక్సర్ ఉంటే ఎస్‌డీఆర్ కాదనేయకండి. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగితే చూపించే ఆర్‌టీఎల్ డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్)లోనూ మిక్సర్ ఉంది, ఏడీసీ కూడా ముతకదే, 8 బిట్లే. కానీ డీమాడ్యులేషన్ (సిగ్నల్‌లోంచి శబ్దం తీసే పని) మొత్తం కంప్యూటర్‌దే. ఆకాశవాణి బెంగళూరు ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.3 పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో వైడ్ ఎఫ్‌ఎం మోడ్ బదులు ఏఎం మోడ్ నొక్కండి: పాట చెదిరి గరగరమంటుంది, డాంగిల్‌లో మాత్రం ఏ భాగమూ మారలేదు. దీనితో వినడమే తప్ప ప్రసారం కుదరదు.

ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) 2009లో ఎస్‌డీఆర్‌కు ఇచ్చిన నిర్వచనం ఇంకా కచ్చితం: ఫ్రీక్వెన్సీ పరిధి, మాడ్యులేషన్ (ఏఎం, ఎఫ్‌ఎం లాంటి పద్ధతి), పవర్ వంటివి సాఫ్ట్‌వేర్‌తో మార్చగలగాలి; ముందే అమర్చిన మామూలు వాడకపు మార్పులు లెక్కకు రావు. అందుకే అమ్మేవారిని ఒక్కటే అడగండి: ఫర్మ్‌వేర్ (సెట్టు లోపలి సాఫ్ట్‌వేర్) మారిస్తే ఇప్పుడు లేని మోడ్ వస్తుందా?