ఇంటర్ పిల్లల మీద డాక్యుమెంటరీ: అడ్మిషన్ నుంచి రిజల్ట్స్ దాకా

పదహారేళ్ల వయసు మీద డాక్యుమెంటరీ తీయాలనుకుంటే తెలుగునాట ఇంటర్ రెండేళ్లను మించిన ముడిసరుకు లేదు. ఇల్లు వదిలి హాస్టల్‌కి రావడం, వారం వారం ర్యాంకులు, చేతిలోంచి పోయిన ఫోన్, అన్నీ ఒక్కసారే మీద పడే వయసది. చిక్కల్లా మీరు తీసేది మైనర్‌ని కావడమే. చూసినవాళ్లు రెండ్రోజుల్లో మర్చిపోతారు. ఆ అబ్బాయి మాత్రం పాతికేళ్లకి ఉద్యోగంలో చేరినా యూట్యూబ్‌లో పదహారేళ్ల ఏడుపుతోనే దొరుకుతాడు. కింద చెప్పే పద్ధతంతా దీన్ని దృష్టిలో పెట్టుకునే.

ముందు సైజు తేల్చుకోండి. మొదటి సినిమాకి 20, 25 నిమిషాలు చాలు. ఇద్దరు పిల్లల కథ చెప్పాలంటే నలుగురైదుగురితో మొదలుపెట్టాలి. మధ్యలో ఒకరు కాలేజీ మారతారు, ఒకరి నాన్న వద్దంటారు, ఒకరికి విసుగొస్తుంది. 1994లో వచ్చిన హూప్ డ్రీమ్స్ అనే అమెరికన్ డాక్యుమెంటరీ కూడా అరగంట సినిమాగానే మొదలైంది. షికాగోలో బాస్కెట్‌బాల్ ఆడే ఇద్దరు కుర్రాళ్ల వెంట అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు 250 గంటల ఫుటేజీ పోగై, చివరికి మూడు గంటలకు కాస్త తక్కువ సినిమా అయింది. అంత ఓపిక, డబ్బు మీకు లేకపోతే షూటింగ్ రోజులు ముందే లెక్క పెట్టుకోండి.

పన్నెండు రోజులనుకుందాం. వాటిని వరసగా వాడేస్తే పిల్లల్లో మార్పు కనపడదు, ఏడాది మీద పరచండి: హాస్టల్‌లో చేర్చే ముందు ఇంట్లో ఒకటి, దసరా సెలవుల్లో రెండు మూడు, సంక్రాంతికి రెండు, జనవరిలో ఇంకొకటి (సెకండియర్ పిల్లలైతే జేఈఈ మెయిన్ దగ్గర), ఫిబ్రవరి, మార్చి పబ్లిక్ పరీక్షలప్పుడు రెండు, ఏప్రిల్‌లో రిజల్ట్స్ వచ్చాక మిగిలినవి. అన్నిట్లోకీ దసరా సెలవులు బంగారం. మూడు నెలల హాస్టల్ తర్వాత మొదటిసారి తీరిగ్గా ఇంట్లో ఉంటారు, మాట తన్నుకొస్తుంది. రిజల్ట్ రోజు మాత్రం ఫోన్‌లో మార్కులు తెరుస్తుండగా మొహం మీద కెమెరా పెట్టకండి. మార్కులు తెలిశాక, వాళ్లు పిలిస్తే వెళ్లండి.

అనుమతులు

చాలా ప్రైవేటు కాలేజీలు లోపలికి రానివ్వవు. దొంగ కెమెరా జోలికి పోవద్దు. హాస్టల్ గదిలో మీ సినిమాలో లేని మైనర్లు పదిమంది ఉంటారు, వాళ్లెవరూ మీకు ఒప్పుకోలేదు. గేటు బయట ఔటింగ్ రోజు వరసలు, బస్టాండ్, ట్యూషన్‌కి వెళ్లే దారి, ఇంట్లో చదువుకునే మూల, వీటితోనే సినిమా నిలబడుతుంది.

అంగీకార పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించండి. అమ్మానాన్నల్లో ఒకరి సంతకం చట్టం కోసం, పిల్లల సంతకం మీ మనస్సాక్షి కోసం, రెండూ కావాలి. పిల్లల్ని విడిగా అడగండి. నాన్న పక్కన కూర్చుని ఉండగా ‘సరే అంకుల్’ అన్నది అంగీకారం కాదు. ఎక్కడెక్కడ చూపిస్తారో (ఫెస్టివల్స్, యూట్యూబ్, ఓటీటీ) పేరుపేరునా రాయాలి. రఫ్ కట్ (ఎడిటింగ్‌లో వచ్చే మొదటి కూర్పు) చూశాక ఏ ముక్కైనా తీసేయమనే హక్కు వాళ్లకుందని కూడా రాయాలి. ఈ ఒక్క వాక్యానికి భయపడి చాలామంది వదిలేస్తారు. నిజానికి అదుంటేనే పిల్లలు నోరు విప్పుతారు. మాట్లాడినందుకు డబ్బులివ్వకండి, దారి ఖర్చులూ భోజనమూ చూసుకోండి.

చట్టం విషయంలో రెండు గుర్తుండాలి. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, మొహం, బడి, ఊరు, అసలు ఎవరో తెలిసే వివరమేదీ బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 23 చెబుతుంది. అలాంటి నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలన్నది సెక్షన్ 19. అందుకే ‘నువ్వేం చెప్పినా మన మధ్యే’ అని ఎప్పుడూ మాటివ్వకండి. కెమెరా ఆన్ చేయక ముందే చెప్పండి: “ఎవరైనా నిన్ను ఏమైనా చేశారని చెబితే అది నేను దాచలేను.” చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక సాయానికి టెలీ మానస్ 14416, రెండూ టీమ్‌లో అందరి ఫోన్లలో ఉండాలి.

మాట్లాడించడం

కుర్చీ వేసి ఎదురుగా లైటు పెడితే పిల్లలు వైవా మోడ్‌లోకి వెళ్లిపోతారు. కింద చాప మీదో, మంచం అంచునో కూర్చోబెట్టి, కెమెరాని వాళ్ల కళ్ల ఎత్తుకి దించండి. చేతికి పనివ్వండి: పుస్తకాలకు అట్టలేయడం, హాస్టల్‌కి పెట్టె సర్దడం. ఒక్క విడతలో నలభై నిమిషాలు దాటొద్దు. అమ్మాయిలతో తీసేటప్పుడు ఇద్దరే ఉన్న టీమ్‌లో కూడా ఒక మహిళ ఉండాలి.

‘ఒత్తిడిగా ఉందా?’ అని అడిగితే ‘ఆ, ఉందన్నా’ అంటారు, అంతే. ‘ఎలా అనిపించింది’ కూడా అదే బాపతు. జరిగింది అడగండి: “నిన్న స్టడీ అవర్ అయ్యాక పడుకునే దాకా ఏమేం చేశావ్?” “సెక్షన్ మార్చినప్పుడు బెంచీ మీద నీ పక్కన ఎవరున్నారు?” జవాబు అయ్యాక అయిదు సెకన్లు ఊరుకోండి, అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. ‘నా గొంతు సినిమాలో వినపడదు, వాక్యం మొత్తం నువ్వే చెప్పు’ అని ముందే అనుకోవాలి. లేకపోతే ఎడిటింగ్‌లో ‘అవును’, ‘లేదు’ తప్ప ఏమీ మిగలదు. వాళ్ల ఇంగ్లీషు, యాస, బూతు దిద్దకండి.

మాటలతో పాటు వస్తువులూ తీయండి. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ట్రంకు పెట్టె తెరిస్తే చాలు: మూత లోపల అతికించిన టైమ్‌టేబుల్, మూల విరిగిన ఓఎమ్‌ఆర్ ప్యాడ్, అడుగంటిన ఆవకాయ సీసా, దాని చుట్టూ నూనె కారకుండా చుట్టిన పాత ప్రశ్నపత్రం. ఒక్కోటి కదలకుండా పది సెకన్లు తీయండి. ఎడిటింగ్‌లో కోతలు దాచేది ఇవే.

కెమెరా, సౌండ్

ఫోన్‌తో తీసినా పరవాలేదు. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60లో తీస్తే ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మీద చారలు పాకుతాయి. ఫోన్ ఫ్రేము రేటు నిలకడగా ఉండదు, విడిగా రికార్డు చేసిన సౌండుకి పోనుపోను బొమ్మతో పొంతన తప్పిపోతుంది. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25కి మార్చుకోండి.

బొమ్మ కాస్త పోయినా జనం క్షమిస్తారు గానీ మాట వినపడకపోతే లేచిపోతారు. కాలర్ మైకు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పెద్ద మాటలు సౌండ్ మీటర్ మీద మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా. ఫ్యాను ఆపాలి, ఎండాకాలమైతే పదేసి నిమిషాలకోసారి విరామమిచ్చి వేసుకోండి. టీవీ కూడా ఆపించండి: వెనక సినిమా పాట వినిపిస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ ఖాయం, మాటలోంచి పాటని విడదీయడం నరకం. వచ్చేముందు ఆ గది నిశ్శబ్దాన్ని ఓ నిమిషం రికార్డు చేసుకోండి.

సెకనుకి 100 మెగాబిట్లలో తీస్తే గంటకి 45 జీబీ. రోజుకి రెండు గంటల చొప్పున పన్నెండు రోజులకి 1.1 టీబీ దాకా. 2 టీబీ డిస్కులు రెండు కొని, రెండూ వేర్వేరు ఇళ్లలో పెట్టండి.

మొహం దాచాల్సి వస్తే

తీసేశాక బ్లర్ చేద్దాంలే అనుకోవద్దు. మొహం మసకేసినా టై రంగు, ఐడీ కార్డు తాడు, గొంతు, వీధి బోర్డు ఉంటే ఆ ఊరివాళ్లు రెండు నిమిషాల్లో పట్టేస్తారు. గొంతు పిచ్ మార్చినా వెనక్కి తిప్పొచ్చు. మాటలు రాసుకుని వేరేవాళ్లతో చెప్పించడమే క్షేమం. నీడలా తీయాలంటే వెనక కిటికీ వెలుగుకి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, హెచ్‌డీఆర్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే చీకట్లో ఉన్న మొహాన్ని ఫోన్ తనంతట తనే వెలిగించేస్తుంది. అన్నిటికంటే చేతులు, పాదాలు, వీపు తీయడం మేలు. అసలు రికార్డే కాని మొహం ఎక్కడికీ లీకవదు.

ఎడిటింగ్, ఆ తర్వాత

ప్రతి మాటా టైమ్‌కోడ్‌తో (ఫుటేజీలో అది వచ్చే నిమిషం, సెకనుతో) రాసుకుని, సినిమాని ముందు కాగితం మీద కోయండి. ఏడుపు బాగా వచ్చిందని దాన్ని మొదట్లో టీజర్‌లా పెట్టే అలవాటు ఈమధ్య ముదిరింది, పెట్టకండి. వయొలిన్ కూడా వద్దు. ఆత్మహత్య ప్రస్తావన వస్తే ఎలా, ఎక్కడ అన్న వివరాలు, రాసిపెట్టిన ఉత్తరం చూపించకూడదు. ‘మార్కులు తగ్గినందుకే’ అని ఒక్క కారణానికి ముడిపెట్టకూడదు. 14416 తెర మీద చదివేంతసేపు ఉంచండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రెండు వరసలు దాటకుండా, వరసకి 40 అక్షరాల లోపు చూసుకోండి.

రఫ్ కట్ మొదట పిల్లలకే, అమ్మానాన్నలు లేకుండా చూపించండి. తీసేయమన్నది తీసేసి ఆ తర్వాత ఇంట్లోవాళ్లకి. ఈలోపు వాళ్లకి పద్దెనిమిది నిండితే కొత్త సంతకం, ఈసారి వాళ్లది ఒక్కటే చాలు.

ముంబయిలో మిఫ్, తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ నడిపే ఐడీఎస్‌ఎఫ్‌ఎఫ్‌కే, రెండూ డాక్యుమెంటరీలకి పెద్ద ఫెస్టివల్స్. ఇంకెక్కడా చూపించని సినిమానే తీసుకునే ఫెస్టివల్స్ చాలా ఉన్నాయి కాబట్టి యూట్యూబ్ తొందర వద్దు. థియేటర్లో జనానికి వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. 2023 సవరణ తర్వాత యూఏలో 7, 13, 16 ఏళ్ల విభాగాలు వచ్చాయి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు కామెంట్లు ఆపేయండి, టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో పిల్లల పేరూ మొహం వాడకండి. లాగిన్ మీ టీమ్‌లో కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఏ రాత్రి ఆ పిల్లల్లో ఎవరు ఫోన్ చేసి తీసేయమన్నా తెల్లారేలోపు దాన్ని ప్రైవేట్‌లో పెట్టేవాళ్లు ఒకరు అందుబాటులో ఉండాలి.