విజయనగరంలో కూర్చుని లీగ్ టూ సీజన్ ఫాలో అవడం ఎలా

ప్రీమియర్ లీగ్‌కి ఏ తయారీ అక్కర్లేదు. టీవీ పెడితే మ్యాచ్, ఫోన్ తీస్తే గోల్స్. లీగ్ టూ అలా దొరకదు. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగ్, ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, వాటి కింద నాలుగో మెట్టు ఇది. 24 క్లబ్బులు, ఒక్కో క్లబ్‌కి 46 మ్యాచ్‌లు, ఆగస్టులో మొదలై మే తొలి రోజుల దాకా. మన టీవీలో దాదాపు కనబడదు కాబట్టి దీన్ని చూడటం కన్నా చదవడం ఎక్కువ. కిరాణా కొట్టు పద్దు రాసినట్టు వారం వారం రాసుకుంటే విజయనగరంలో ఉన్నా శ్రీకాకుళంలో ఉన్నా ఒక క్లబ్ సీజన్ మొత్తం చేతిలో ఉంటుంది.

ముందు క్లబ్‌ని పేరుతో సరిగ్గా పట్టుకోండి. రోవర్స్ అంటే బ్రిస్టల్ రోవర్స్, డాన్‌కాస్టర్ రోవర్స్, ట్రాన్‌మియర్ రోవర్స్ ఉన్నాయి. కౌంటీ అంటే నాట్స్ కౌంటీ, న్యూపోర్ట్ కౌంటీ, స్టాక్‌పోర్ట్ కౌంటీ. "డాన్స్" అని స్కోరు కనిపిస్తే అది ఎంకే డాన్స్ కావచ్చు, ఏఎఫ్‌సీ వింబుల్డన్ కావచ్చు. ఆ రెండు క్లబ్బుల మధ్య వైరం తెలిసినవాళ్ళెవరూ వాటిని కలిపి మాట్లాడరు. యాప్‌లో అలర్ట్ పెట్టేటప్పుడు క్లబ్ పూర్తి పేరు చూసి పెట్టండి.

టైము లెక్క

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. శనివారం మ్యాచ్ అక్కడ మధ్యాహ్నం 3 గంటలకి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా వాళ్ళ గడియారం గంట ముందుకి ఉంటుంది కనుక మనకి రాత్రి 7:30. మిగతా నెలల్లో 8:30. మంగళవారం మ్యాచ్ అక్కడ రాత్రి 7:45కి అంటే మనకి బుధవారం వచ్చేసినట్టే: వేసవి గడియారంలో 12:15, చలికాలంలో 1:15. పైడితల్లమ్మ సిరిమాను తిరిగేదీ మంగళవారమే. ఉత్సవం ముగిసి ఇంటికొచ్చి భోంచేసి పడుకోబోయే వేళకి అక్కడ ఆట మొదలవుతుంది. తెల్లారి డ్యూటీ ఉన్నవాళ్ళు స్కోరు పొద్దున్నే చూసుకోవడం మేలు. 1:15 మ్యాచ్ పూర్తయ్యేసరికి 3 దాటుతుంది.

ఒక యాప్ టైముని మన టైములోకి మార్చి చూపిస్తుంది, ఇంకోటి ఇంగ్లాండ్ టైమే చూపిస్తుంది. మార్చేసినదానికి మళ్ళీ నాలుగున్నర గంటలు కలిపితే మ్యాచ్ అయిపోయాక నిద్ర లేస్తారు. ఏ యాప్ ఏది చూపిస్తోందో ఒక మామూలు శనివారం మ్యాచ్‌తో పోల్చి చూడండి. 15:00 ఉంటే ఇంగ్లాండ్ టైము, 19:30 గానీ 20:30 గానీ ఉంటే మనది.

జూన్‌లో వచ్చే ఫిక్చర్ల జాబితాని పెన్నుతో రాయొద్దు. టీవీ వాళ్ళు ఎంచుకున్న మ్యాచ్‌లు అక్కడి మధ్యాహ్నం 12:30కో వేరే రోజుకో జరుగుతాయి. పెన్సిల్‌తో రాసి, నెలకోసారి క్లబ్ వెబ్‌సైట్ చూసి సరిచేసుకోండి.

పద్దు పుస్తకం

పొడవాటి నోటుబుక్‌లో ఒక పేజీకి 46 వరుసలు గీయండి. గడులు: తేదీ, ప్రత్యర్థి, సొంత మైదానమా బయటా, మన టైము, స్కోరు, వచ్చిన పాయింట్లు, మొత్తం పాయింట్లు, ఆ రాత్రి పట్టికలో స్థానం. చివర్లో ఒక వెడల్పాటి గడి వదలండి. ఎవరికి రెడ్ కార్డు పడింది, ఎవరు గాయంతో దిగిపోయారు, ఏ మ్యాచ్ వాయిదా పడింది అన్నవి అందులోకి వస్తాయి. సీజన్ మధ్యకొచ్చేసరికి స్కోరు గడి కన్నా ఈ గడే ఎక్కువ పనికొస్తుంది.

పసుపు కార్డులకి వేరే పేజీ పెట్టండి. తొలి 19 లీగ్ మ్యాచ్‌ల్లోపు ఐదు పసుపు కార్డులు పడితే ఒక మ్యాచ్ నిషేధం. 37 మ్యాచ్‌ల్లోపు పదైతే రెండు మ్యాచ్‌లు. మంచి మిడ్‌ఫీల్డర్ ఉన్నట్టుండి జట్టులో కనబడకపోతే కారణం చాలాసార్లు ఈ పేజీలోనే దొరుకుతుంది.

పట్టిక చదవడం

2024-25 లెక్క ప్రకారం మొదటి మూడు జట్లు నేరుగా లీగ్ వన్‌కి వెళ్తాయి. 4 నుంచి 7 దాకా ప్లేఆఫ్, అంటే పైకెళ్ళే మిగిలిన ఒక్క చోటు కోసం పోటీ. అడుగున ఉన్న రెండు ఐదో మెట్టైన నేషనల్ లీగ్‌కి దిగిపోతాయి. నోటుబుక్‌లో 3, 7, 22 స్థానాల కింద గీత గీయండి. మీ క్లబ్ కథంతా ఈ మూడు గీతల చుట్టూనే.

ఆ సీజన్‌లో డాన్‌కాస్టర్ 84 పాయింట్లతో మొదటిది, పోర్ట్ వేల్ 80, బ్రాడ్‌ఫర్డ్ సిటీ 78, వాల్సాల్ 77. ఏడో స్థానంలో ఉన్న చెస్టర్‌ఫీల్డ్‌కి 70. అంటే నేరుగా పైకెళ్ళాలంటే మ్యాచ్‌కి సుమారు 1.7, ప్లేఆఫ్‌కి 1.5 పైన. 23వ స్థానంలో దిగిపోయిన కార్లైల్‌కి 42, మ్యాచ్‌కి ఒకటి కూడా పడలేదు. అందుకే అడుగు జట్లకి "మ్యాచ్‌కి ఒకటి" అన్నది మొదటి హద్దుగా పెట్టుకోవచ్చు, దానిమీద నాలుగైదు పాయింట్లు ఎక్కువుంటే నిద్ర పడుతుంది.

వాయిదాల వల్ల జట్లన్నీ ఒకే సంఖ్యలో మ్యాచ్‌లు ఆడి ఉండవు. అప్పుడు స్థానం కాదు, సగటు చూడండి. ఒక జట్టు 30 మ్యాచ్‌ల్లో 48, ఇంకోటి 28లో 46 అనుకుందాం. మొదటిది 1.60, రెండోది 1.64. పట్టికలో కిందున్నదే నిజానికి ముందుంది. మిగిలిన రెండు మ్యాచ్‌లకీ ఆరు పాయింట్లు ముందే కలిపేసుకోవడం మాత్రం వద్దు. ఫిబ్రవరి బురదలో మంగళవారం రాత్రి బయట ఆడేవి అవి. వాటికీ ఆ జట్టు సగటే వేయండి.

పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది), అదీ సమానమైతే కొట్టిన గోల్స్. కనుక 4-0తో ఓడుతున్న జట్టు చివర్లో ఒకటి కొట్టినా ఆ ఒకటీ నోటుబుక్‌కి లెక్కే.

ఎక్కువ పాయింట్లు వచ్చినంత మాత్రాన పైకెళ్ళినట్టు కాదు. నేషనల్ లీగ్‌లో 2022-23లో నేరుగా వెళ్ళేది ఒక్క జట్టే. రెక్స్‌హమ్ 111 పాయింట్లతో వెళ్ళింది, నాట్స్ కౌంటీకి 107 వచ్చినా ప్లేఆఫ్ ఆడి గెలవాల్సి వచ్చింది.

క్లబ్ దివాలా పరిపాలనలోకి పోతే ఈఎఫ్ఎల్ (ప్రీమియర్ లీగ్ కింది మూడు లీగులని నడిపే సంస్థ) 12 పాయింట్లు కోస్తుంది. 2019-20లో విగాన్ ఇలాగే ఛాంపియన్‌షిప్ నుంచి దిగిపోయింది. వార్తల్లో జీతాలు ఆలస్యమయ్యాయని కనబడితే పద్దులో ఒక చుక్క పెట్టుకోండి.

డిసెంబరు, జనవరి

క్రిస్మస్ రోజుల్లో మ్యాచ్‌లు రెండు మూడు రోజులకొకటి వస్తాయి, జట్టు అలసిపోతుంది. పిచ్ గడ్డకడితే రిఫరీ పొద్దున్నే చూసి రద్దు చేస్తాడు. అక్కడ 11 గంటలకి చూస్తే మనకి సాయంత్రం 4:30, అప్పుడొకసారి ఫోన్ చూస్తే రాత్రి వృథాగా మేలుకోనక్కర్లేదు. వాయిదా పడ్డది చాలాసార్లు ఏదో మంగళవారానికి పోతుంది.

జనవరిలో అద్దె ఆటగాళ్ళ మీద కన్నేయండి. పెద్ద క్లబ్ తన కుర్రాణ్ణి వెనక్కి పిలుచుకోవచ్చు. 2024-25లో వాల్సాల్ జనవరిలో 12 పాయింట్ల ఆధిక్యంతో ఉండేది. లీగ్‌లో 15 గోల్స్ కొట్టిన నాథన్ లోవ్‌ని స్టోక్ సిటీ ఆ నెలలోనే వెనక్కి తీసుకుంది. జట్టు జారుతూ పోయింది. ఒక్కడి వల్లే అనడం అన్యాయం, కానీ లోటు మాత్రం కనిపించింది. అందుకే సంక్రాంతికి ముందే మీ క్లబ్‌లో అద్దె పేర్లన్నీ వేరే రంగులో రాసుంచండి.

కప్పుల పోటీలు ఇదే నోటుబుక్‌లో వేరే పేజీ. ఎఫ్ఏ కప్‌లో లీగ్ టూ జట్లు నవంబరులో మొదటి రౌండు నుంచి ఆడతాయి. మూడో రౌండులో, అంటే జనవరిలో, ప్రీమియర్ లీగ్ జట్లు దిగుతాయి. అక్కడిదాకా వెళ్తే క్లబ్ గల్లాకి మంచిది, లీగ్ మ్యాచ్ మాత్రం వెనక్కి జరుగుతుంది.

మ్యాచ్ వినడం

క్లబ్ వెబ్‌సైట్లో విదేశీ అభిమానులకి వీడియో, ఆడియో పాస్‌లు అమ్ముతారేమో చూడండి. డబ్బు కట్టే ముందు మన దేశానికి ఆ మ్యాచ్ ఉందో లేదో పేజీలో వెతకండి. తుపాను రోజుల్లో నెట్ ఊగిసలాడితే వీడియో కన్నా ఆడియో చాలా నయం, డేటా కూడా తక్కువ తింటుంది.

మే నెల

చివరి రోజు మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి మొదలవుతాయి. ఫోన్‌లో మీ క్లబ్ మ్యాచ్ ఒకటే కాదు, పోటీలో ఉన్న మరో రెండు జట్ల స్కోర్లు కూడా తెరిచి పెట్టుకోండి. 2025 మే 3న ఫ్లీట్‌వుడ్‌తో డ్రా అయి ఉంటే బ్రాడ్‌ఫర్డ్‌కి 76 పాయింట్లే, మూడో స్థానం 77 ఉన్న వాల్సాల్‌ది. 96వ నిమిషంలో గోల్ పడింది, 1-0, 78. వాల్సాల్ ప్లేఆఫ్‌కి పోయి వెంబ్లీ ఫైనల్లో ఐదో స్థానం జట్టు ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో 1-0తో ఓడింది.

ప్లేఆఫ్ సెమీస్ రెండు లెగ్‌లు, అంటే సొంత మైదానంలో ఒకటి, బయట ఒకటి; రెండు స్కోర్లూ కలిపి చూస్తారు. బయటి గోల్‌కి ప్రత్యేక విలువ లేదు. ఫైనల్ ఒక్కటే మ్యాచ్. ఆ తర్వాత క్లబ్ ఎవరిని ఉంచుకుంటోంది, ఎవరిని వదిలేస్తోంది అనే జాబితా ప్రకటిస్తుంది. అది రాగానే పాత పేజీలో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కొట్టేసి, మిగిలిన పేర్లతో కొత్త పేజీ మొదలుపెట్టండి.