నాలుగు ప్రోగ్రాములు, ఒకే అప్లికేషన్

తెర ఎలక్ట్రాన్‌తో (వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ అప్లికేషన్లు కట్టే సాధనం), లెక్కలు చేసే ఇంజిను పైథాన్ భాషలో, వీడియో మార్చే పని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ది, నిల్వ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ది. వీటిని ఒకే డెస్క్‌టాప్ అప్లికేషన్‌గా కలపాలనగానే చాలామంది రంగులు, బటన్లు సరిచూడటం మొదలుపెడతారు. నేను ఆ పనిని చివరికి నెడతాను. అతుకు బయటపడేది అక్కడ కాదు. ఒక భాగం ఆగిపోయి, ఆ సంగతి మిగతావాటికి తెలియనప్పుడు.

అందుకే మొదట యజమాని ఎవరో తేల్చండి. ఇక్కడ ఎలక్ట్రాన్ మెయిన్ ప్రాసెస్, అంటే అప్లికేషన్ తెరవగానే మొదట నడిచే ప్రోగ్రాం, యజమాని. ఇంజిను, ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాని చైల్డ్ ప్రాసెస్‌లు, అంటే అది నడిపించే ప్రోగ్రాములు. వాటిని ప్రారంభించడం, ఆపడం, పడిపోతే మళ్లీ లేపడం దాని ఒక్కదాని పని. అవి తమలో తాము నేరుగా మాట్లాడుకోకూడదు.

ఇక మాట్లాడుకునే దారి. లోకల్‌హోస్ట్‌లో, అంటే ఇదే కంప్యూటర్‌లో, చిన్న వెబ్ సర్వర్ పెట్టడం సులువే గానీ నాకు నచ్చదు. 8080 లాంటి పోర్టును (ప్రోగ్రాం సందేశాలు అందుకునే తలుపు నంబరు) ఇంకో ప్రోగ్రాం ముందే పట్టుకుని ఉండవచ్చు. పైగా అదే కంప్యూటర్‌లోని ఎవరైనా వచ్చి ఆ తలుపు తట్టగలరు. తప్పదంటే 127.0.0.1 (ఈ కంప్యూటర్‌కే పరిమితమైన చిరునామా) మీద మాత్రమే వినమని చెప్పి, పోర్టు 0 అడగండి. ఖాళీగా ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమే ఇస్తుంది. నా ఓటు మాత్రం ప్రతి ప్రోగ్రాంకూ మామూలుగా ఉండే రాకపోకల దారులైన స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకే. వాటి మీద జేసన్-ఆర్‌పీసీ 2.0 (జేసన్ అనే పాఠ్య రూపంలో పని అడిగి జవాబు తెచ్చుకునే పద్ధతి) సందేశాలు, వరుసకు ఒకటి చొప్పున పంపండి. మొదటి సందేశంలో ఇరువైపులా వెర్షన్ చెప్పుకోవాలి. అప్‌డేట్ సగంలో ఆగినప్పుడు పాత ఇంజిను, కొత్త తెర కలిసి చేసే గందరగోళం అక్కడే దొరికిపోతుంది.

ఈ దారిలోనూ గుంటలున్నాయి. అవుట్‌పుట్ పైపులోకి (ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి డేటా మోసే దారి) వెళ్తున్నప్పుడు పైథాన్ దాన్ని బఫర్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, పోగుచేస్తుంది. ప్రతి సందేశం తర్వాత ఫ్లష్ చేయకపోతే, అంటే పోగైనదాన్ని వెంటనే పంపకపోతే, తెర ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎవరో మరిచిపోయిన ఒక్క ప్రింట్ ఆదేశం చాలు, జేసన్ పాడవడానికి. లాగ్ వరుసలన్నీ (జరిగింది నమోదు చేసే వరుసలు) స్టాండర్డ్ ఎర్రర్‌కు, అంటే లోపాలు చెప్పే వేరే దారికి, మళ్లించండి. మళ్లించి ఊరుకోకండి, చదవండి. లైనక్స్‌లో పైపు సామర్థ్యం మామూలుగా 64 కిలోబైట్లు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన పురోగతి వివరాలను స్టాండర్డ్ ఎర్రర్‌లోకే పోస్తుంది. చదివేవారు లేకపోతే పైపు నిండి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏ ఫిర్యాదూ లేకుండా నిలబడిపోతుంది. విండోస్‌లో తెలుగు ఫైలు పేర్లు చెడకుండా, ఇంజిను మొదలవగానే దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లను అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8కు మార్చండి.

యజమానే హఠాత్తుగా చనిపోతే? స్టాండర్డ్ ఇన్‌పుట్ మూసుకుపోయిందని తెలియగానే ఇంజిను తానే తప్పుకునేలా రాయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మనం రాసింది కాదు కాబట్టి విండోస్‌లో దాన్ని జాబ్ ఆబ్జెక్ట్‌లో (ప్రాసెస్‌లను గుంపుగా పట్టి ఉంచే ఏర్పాటు) చేర్చి, ఆ ఆబ్జెక్ట్ మూతపడగానే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను చంపే షరతు పెట్టండి.

డేటాబేస్‌లో రాసే హక్కు ఇంజినుకే ఇవ్వండి. వాల్ మోడ్ (మార్పులను ముందు వేరే లాగ్ ఫైలులో రాసే ఎస్‌క్యూలైట్ పద్ధతి) వల్ల ఒకరు రాస్తుండగా ఇతరులు చదవగలరు గానీ, ఒకేసారి ఇద్దరు రాయలేరు. డేటా ఫైలు యూజర్ ఫోల్డర్‌లో ఉండాలి, ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో కాదు. మ్యాక్‌కు ఇస్తుంటే లోపలి ప్రతి బైనరీకీ, అంటే నడిచే ప్రతి ప్రోగ్రాం ఫైలుకూ, డిజిటల్ సంతకం కావాలి.

అన్నీ కుదిరాక పని మధ్యలో టాస్క్ మేనేజర్ తెరిచి ఒక్కో చైల్డ్ ప్రాసెస్‌నూ చంపి చూడండి. తెర మీద ‘వీడియో మార్పిడి ఆగింది, మళ్లీ మొదలుపెడుతున్నాం’ అని రావాలి. ప్రాసెస్ పేరు, ఎగ్జిట్ కోడ్ (ఆగిపోతూ ప్రోగ్రాం వదిలే సంఖ్య) లాగ్ ఫైలులో ఉంటే చాలు.