పెడల్ స్టీల్ గిటార్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

నెల్లూరులో మా ఇంట ఒక పది తీగల పెడల్ స్టీల్ (కాళ్ల మీద నిలబెట్టి, తీగలపై లోహపు బార్ జరుపుతూ, పెడళ్లతో, మోకాలి లివర్లతో తీగల శ్రుతిని మారుస్తూ వాయించే గిటార్), ఒడిలో పెట్టుకుని వాయించే ఒక ల్యాప్ స్టీల్, ఆర్కెస్ట్రాల కాలం నాటి ఒక హవాయిన్ గిటార్, వాటికి తోడుగా ఒక వాల్యూమ్ పెడల్, అమెరికాలో తయారైన ఒక వాల్వ్ ఆంప్లిఫయర్ ఉన్నాయి. పెడల్ స్టీల్ బాగుచేసే మెకానిక్ నాకు ఇటు నెల్లూరులో గాని, అటు ఒంగోలులో గాని దొరకలేదు కనుక వీటి మంచిచెడ్డలు నేనే చూసుకుంటున్నాను. శ్రుతి తప్పగానే నట్టు తిప్పి సరిచేస్తే ఆ పూటకు స్వరం కుదురుతుంది గాని అసలు లోపం మరుగున పడుతుంది. అందువల్ల కారణం తేలేదాకా అలెన్ కీ చేతికి తీసుకోకూడదు.

పెడల్ వదిలాక స్వరం తన చోటికి రాకపోతే

ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. పెడల్ తొక్కినప్పుడు వాద్యం అడుగున ఉన్న కడ్డీ కుడి చివరనున్న ఛేంజర్‌లోని (తీగల శ్రుతి మార్చే యంత్రభాగంలోని) ఫింగర్‌ను, అంటే ఆ తీగ ఆనే చిన్న లోహపు ముక్కను, లాగుతుంది, దానితో తీగ బిగుస్తుంది. ఇ9 శ్రుతిలో (పెడల్ స్టీల్‌కు వాడే ఒక తీగల అమరికలో) సాధారణంగా మొదటి పెడల్ ఐదు, పది తీగలను బి నుంచి సి షార్ప్‌కూ, రెండవ పెడల్ మూడు, ఆరు తీగలను జి షార్ప్ నుంచి ఎ కూ పెంచుతాయి. పెడల్ వదిలిన తరువాత ఆరవ తీగ కొంచెం హెచ్చుగానే నిలిచిపోయిందనుకుందాం. అప్పుడు పెడళ్లన్నీ వదిలి, ఆ తీగకు సంబంధించిన నైలాన్ నట్టును వేలితో ముందుకూ వెనక్కూ కదిపి చూడాలి.

వెంట్రుకవాసి వదులైనా లేకపోతే, పెడల్ తొక్కకపోయినా కడ్డీ ఫింగర్‌ను పట్టి ఉంచుతున్నదని అర్థం. నట్టును ఆ కాస్త వదులు వచ్చేదాకా సడలించి, ఖాళీ తీగను తల వైపున్న బిరడాతో శ్రుతి చేసి, తరువాత పెడల్ తొక్కిపట్టి ఎ స్వరాన్ని నట్టుతో సరిచేయాలి. స్వరం అంతదాకా పోకపోతే పెడల్ ప్రయాణం చాలడం లేదన్నమాట, అప్పుడు దాని స్టాప్ స్క్రూను సర్దాలి.

వదులు ఉండి కూడా స్వరం తిరిగి రాకపోతే ఫింగర్ ఇరుసు దగ్గర మురికి పట్టి ఉంటుంది. నా పెడల్ స్టీల్ చేతికి వచ్చిన ఏడాది ఇదే జరిగింది. పాత యజమాని కొబ్బరినూనె వేస్తూ వచ్చారు. ఆ నూనె, దుమ్ము కలిసి బెల్లప్పాకంలా గోధుమరంగు జిగురై ఇరుసును పట్టేశాయి. అగ్గిపుల్లకు దూది చుట్టి, పెట్రోలులో ముంచి, నాలుగు రోజులపాటు ఆరుబయట కూర్చుని తుడిచి, చివరికి ఒక్కొక్క ఫింగర్‌కు ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేశాను. ఒక్క చుక్కకు మించితే మళ్లీ దుమ్మును పిలిచినట్లే.

మోకాలి లివర్‌తో తగ్గించిన స్వరం తిరిగి పైకి రాకపోతే రిటర్న్ స్ప్రింగు బలహీనపడిందేమో చూడాలి. ఎమన్స్ కంపెనీ వారి పాత పుష్-పుల్ రకం పెడల్ స్టీల్ వాద్యాల నిర్మాణం వేరు కనుక ఈ వరుస వాటికి వర్తించదు.

మూడవ తీగ తరచు తెగిపోతుంటే

అంగుళంలో వెయ్యింట పదకొండు వంతుల మందం, అంటే 0.011 ఉండే ఈ సన్నని తీగ పెడల్ తొక్కిన ప్రతిసారీ ఫింగర్ శిఖరం మీద ఒకే చోట వంగి లేస్తుంది, లోహం అలసి అక్కడే తెగుతుంది. కాబట్టి తెగిన కొనను పారవేయకుండా చూడాలి. ఎప్పుడూ ఫింగర్ మీద ఆనే చోటే తెగుతున్నట్లయితే అక్కడ గాడి పడిందేమో గోటితో తడమాలి. గోటికి గాడి తగిలితే 1000, ఆపైన 2000 నంబరు నీటికాగితంతో మృదువుగా రుద్ది, లోహపు పాలిష్ పెట్టాలి. గాడి లేకపోతే తప్పు ఫింగర్‌ది కాదు, తీగ ఆయుష్షు తీరిందంతే. కచేరీకి ముందు రోజే మార్చుకోవడం మేలు. నేను మూడవ తీగలను డజను చొప్పున తెప్పించి, మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచుకుంటాను.

వాల్యూమ్ పెడల్ గరగరలాడితే

లోపల ఉండే పొటెన్షియోమీటర్‌లో (సాధారణంగా 500 కిలో ఓమ్‌లు) దుమ్ము చేరి ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ చల్లి ఇరవై సార్లు ఆడించాలి. నెలలోపే మళ్లీ గరగర వస్తే లోపలి పూత అరిగినట్లే, మార్చవలసిందే.

ఆంప్లిఫయర్ గుయ్యిమంటే

వాద్యాన్ని ఉన్నచోటే మెల్లగా పక్కకు తిప్పాలి. మోత హెచ్చుతగ్గులైతే సింగిల్ కాయిల్ పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ఒకే తీగచుట్ట భాగం) దగ్గరలోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటున్నది, దూరం జరిగితే చాలు. తీగలను తాకినప్పుడు మాత్రమే తగ్గితే ఎర్త్‌ను అనుమానించాలి. పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉన్నా దానికి తీగే ఉండకపోవచ్చు, ఉన్నా రోహిణి కార్తె ఎండలకు ఎర్త్ గుంట ఎండిపోయి ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించేదాకా వాయించకూడదు. అమెరికా ఆంప్లిఫయర్ 120 వోల్టులది, మనది 230 వోల్టులు కనుక తగిన వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వాల్వ్ ఆంప్లిఫయర్ కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. నేనే చేసుకుంటానని దాని మూత తెరవవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

తీగలు వారానికే నల్లబడితే

మైపాడు, కొత్తపట్నం వైపు నుంచి వీచే ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, చేతి చెమట, ఈ మూడూ కారణాలే. వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో తీగలను, బార్‌ను తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి మూత వేయాలి. బార్ మీద గీత పడితే కొత్త తీగలపై కూడా బర్రుమంటుంది, కనుక దానినీ వెలుతురులో తిప్పి చూడాలి.

లోపంగా కనిపించినా లోపం కానివి

మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కినప్పుడు వాటితో సంబంధంలేని నాలుగవ తీగ ట్యూనర్‌లో రెండు మూడు సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు) దిగితే, ఆ లాగుడుకు చెక్క కొద్దిగా వంగుతున్నదని గ్రహించాలి. ముందుగా కాళ్లు, వాద్యం ఒంటిలోని స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, ఉంటే వదిలేయాలి. అలాగే జి షార్ప్ తీగలను చెవికి ఇంపుగా శ్రుతి చేస్తే ట్యూనర్ వాటిని దాదాపు 14 సెంట్లు తక్కువగా చూపవచ్చు. ఇ స్వరానికి జి షార్ప్ మేజర్ థర్డ్ (మూడవ స్వరం), దాని శుద్ధ స్థానం అక్కడే గనుక ట్యూనర్ సూది మాట విని ఆ తీగలను పైకి లాగవలసిన పని లేదు.