30వ కిలోమీటరు దగ్గర కాళ్లు ఆగిపోవడం: నా అనుభవం

జర్మనీలో ఎమ్మెస్ చదువుతూ మొదటి మారథాన్‌కు సిద్ధమవుతున్నప్పుడు, దూరపు పరుగుకు వెళ్లిన ప్రతిసారీ 28, 30 కిలోమీటర్ల మధ్య కాళ్లు బరువెక్కి, కళ్లు తిరిగి, నడకలోకి దిగిపోయేవాణ్ణి. కొత్త బూట్లు, ఎక్కువ నీళ్లు, ముందు రోజు పూర్తి విశ్రాంతి, ఏదీ పనిచేయలేదు.

సెలవులకు విజయనగరం వచ్చినప్పుడు దారి దొరికింది. మొదట వేగం తగ్గించాను. తెల్లవారుజామున నాలుగున్నరకు రామతీర్థం రోడ్డు మీదికి బయలుదేరి, తోడుగా సైకిలు మీద వచ్చే తమ్ముడితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగానే సగం దూరం పరుగెత్తేవాణ్ణి. ఆ తరువాతే తిండి సంగతి చూశాను. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే చక్కెర ఇంధనం చాలామందికి సుమారు 30 కిలోమీటర్లకే అడుగంటుతుంది కాబట్టి, నీరసం వచ్చేదాకా ఆగకుండా, మొదటి అరగంట నుంచే ప్రతి అరగంటకూ 20 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, రెండు గుక్కల నీళ్లు తీసుకున్నాను. జేబులో బెల్లం చెమటకు కరిగి కాగితానికి అంటుకుపోతుంటే, అమ్మ దాన్ని పేలపిండిలో దొర్లించి చిన్న ఉండలుగా చుట్టి ఇచ్చింది.

బెర్లిన్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లూ ఎక్కడా నడవకుండా పూర్తిచేశాను. అక్కడి సెప్టెంబరు చల్లదనం కూడా కలిసివచ్చి ఉండవచ్చు. మేలు చేసింది నెమ్మదో, బెల్లమో విడదీసి చెప్పలేను. బెల్లం కొందరి కడుపుకు పడకపోవచ్చు కనుక సాధనలోనే పరీక్షించుకోండి, మధుమేహం ఉన్నవారు డాక్టరును అడగకుండా ప్రయత్నించవద్దు.